ముక్కుగారి పెరుగు

జ్వరం పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. ముక్కు ఉన్నచోటే ఉంది, చూడ్డానికి ఎప్పటిలాగే కాస్త పెద్దదిగానే ఉంది. పని చెయ్యడం మానేసిందంతే. ఇంకొకరికైతే ఇది పెద్ద నష్టం కాదు. మురిక్కాలవ పక్కన ఇల్లున్నవాడైతే లోలోపల సంతోషిస్తాడు కూడా. నాకు మాత్రం తిండి పెట్టేది ఆ ముక్కే.

నేను పాల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ట్యాంకర్లు వచ్చి ఆగే ప్లాట్‌ఫాం మీద నా చోటు. ట్యాంకర్ మూత తియ్యగానే అందరికన్నా ముందు వంగి వాసన చూసేది నేను. తరవాత గ్లాసుడు పాలు తీసి, గోరువెచ్చగా చేసి, మళ్ళీ వాసన చూసి, ఓ గుక్క నోట్లో పుక్కిలించి ఉమ్మేసి, ‘దించండి’ అనో ‘తిప్పండి’ అనో చెప్పాలి. ఆ తరవాత మిషన్లు వెన్న చూస్తాయి, నీళ్ళు చూస్తాయి, ఇంకా ఏవేవో చూస్తాయి. ఆవు ఉల్లికాడలు మేసిందనో, ట్యాంకర్ సరిగ్గా కడగలేదనో నాకంటే ముందు ఎవరూ చెప్పేవాళ్ళు కారు. డ్రైవర్లు నన్ను ‘ముక్కుగారు’ అంటారు. ఎదురుగా అంటే మర్యాద, వెనక అంటే వెక్కిరింత. కోపం కూడా ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది కాబట్టి పేరు బాగా కుదిరింది.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూశాడు. వాసన తెలిపే నరం దెబ్బతిందన్నాడు. ‘వస్తే వస్తుంది, లేకపోతే లేదు’ అన్నాడు. ఈ మాత్రం మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకు అర్థం కాలేదు. రోజూ బాగా అలవాటైన వాసనల్ని పట్టి పట్టి చూస్తూ ఉండమన్నాడు. గుమ్మం దాటబోతుంటే మా ఆవిణ్ణి వెనక్కి పిలిచి, ‘ఆయన్ని దిగులు పడనివ్వకండి, మీరంతా ధైర్యం చెప్తూ ఉండాలి’ అన్నాడట. మా కొంప ముంచింది ఆ మాటే.

ఫ్యాక్టరీలో షిఫ్టు ఆఫీసరు మంచివాడే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. “కొన్నాళ్ళు సెలవు పెట్టండి. ముక్కు వచ్చిందనిపిస్తే రండి, మూడు గ్లాసులు పెడతాను. చెప్పగలిగితే మీ చోటు మీదే. లేకపోతే డబ్బాలు కడిగే షెడ్డులో వేస్తాను. ఇంటికి మాత్రం పంపను.”

డబ్బాల షెడ్డు అంటే ఆవిర్లు, సబ్బు నురగ, పొద్దస్తమానం దడదడమని చప్పుడు. అక్కడ పనిచేసేవాళ్ళని నేను చిన్నచూపు చూడలేదని చెప్పను. చూసేవాణ్ణి. ప్లాట్‌ఫాం మీద నిలబడి, రబ్బరు బూట్లతో వంగి నడిచే వాళ్ళని చూస్తూ, నేను వేరనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బూట్లు నా కాళ్ళకి సరిపోతాయో లేదో చూసే రోజు వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటగది కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ గోడ తప్ప ఏమీ కనిపించదు. మా ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెడుతుంది. తెల్లవారగానే వెళ్ళాలి. మా అత్తగారికి కట్టుడు పళ్ళు, గుండె జబ్బు, పదునైన నాలుక. పొద్దున పూట ఓట్స్ పెట్టమని ఆవిడ డాక్టరు చెప్పాడు. ‘గుర్రాలకి పెట్టేది నాకెందుకు పెడతారు’ అని మొదట గోల చేసింది. తరవాత, పాలల్లో ఉడికిస్తే జిగురుగా ఉందని, నీళ్ళల్లో ఉడికిస్తే చప్పగా ఉందని తిట్టి తిట్టి, చివరికి పెరుగులో నానబెడితే తింటానని ఒప్పుకుంది. దాంతో ముగ్గురికీ అదే ఫలహారం అయింది.

“ఇంట్లో ఊరికే కూర్చుని గోడలు చూడకపోతే, ఆ పెరుగూ ఓట్సూ మీరే చూసుకోకూడదూ?” అంది మా ఆవిడ. “అలవాటైన వాసనలన్నీ అందులోనే ఉన్నాయి కదా.”

మాట బాగుంది. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. మర్నాటినుంచి పొయ్యి నాది. మా ఆవిడ పనికి వెళ్ళకముందే పాలు కాచేవాణ్ణి. వేలు ముంచితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చేవాణ్ణి. తోడు కాసిని పాలల్లో చిలికి, ఆ పాలు గిన్నెలో కలిపి, మూత పెట్టి, పాత శాలువా చుట్టి అలమరలో పెట్టేవాణ్ణి. చలి రోజులు కాబట్టి గిన్నెను పసిబిడ్డలా చూసుకోవాల్సి వచ్చేది. సాయంత్రానికి గడ్డ కట్టేది. అప్పుడు మూడు గాజు సీసాల్లో ఓట్స్ పోసి, పెరుగు, కాస్త పాలు కలిపి, నాలుగు కిస్‌మిస్‌లు వేసి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. పొద్దున్నే లేచి యాపిల్ సన్నగా తరిగి పైన వేస్తే సరి.

పనికన్నా ముఖ్యమైంది పరీక్ష. ప్లాట్‌ఫాం మీద లాగే చేసేవాణ్ణి. సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, ఓ చెంచా నోట్లో పెట్టుకుని తీర్పు చెప్పేవాణ్ణి. తరవాత వాళ్ళిద్దరూ తిని, నా తీర్పు సరైందో కాదో చెప్పాలి. నాలుక నాలుకే కాబట్టి పులుపూ తీపీ తెలిసేవి. అవి లెక్కలోకి రావు. వాసన సంగతి తేలాలి.

మొదటి రోజు ఏమీ తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం. ఆ వారమంతా అంతే. మా ఆవిడ చెంచా సీసాకి తగలకుండా తినేది.

ఒకనాడు మాత్రం, ఏదో తగిలినట్టే అనిపించింది. ముక్కు లోపల ఎక్కడో, దూరంగా.

“మీగడ వాసన,” అన్నాను. “పాలు చిక్కగా మరిగినప్పుడు వస్తుందే, అది. సరైందేనా?”

మా ఆవిడ ఓ చెంచా తింది. నా వైపు చూసింది. “అవునండీ! అబ్బ, ఎలా కనిపెట్టారు?” అంది.

ఆవిడ మాట నేను పూర్తిగా నమ్మలేదు. మా ఆవిడ మొహమాటస్తురాలు. ఎవరి పెళ్ళిలోనైనా పెళ్ళికూతురు బాగుందంటుంది. నేను మా అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ జన్మలో ఎవరి వంటనూ మెచ్చుకున్న మనిషి కాదు. నా పెళ్ళిలో భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ, ‘ఉప్పు మాత్రం సరిపోయింది’ అంది. ఆ ఒక్క మాటకే మా నాన్న ఏడాదిపాటు పొంగిపోయాడు.

మా అత్తగారు నిదానంగా నమిలింది. మింగింది. ఇంకో చెంచా తీసుకుంది.

“మీగడే అల్లుడుగారూ,” అంది. “కమ్మగా ఉంది.”

కమ్మగా! ఆ నోటినుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ అబద్ధం ఆడదు. ఎదుటివాడు ఏడ్చినా సరే, నిజం అతని మొహాన కొట్టి మరీ వెళ్తుంది. అలాంటి మనిషి ఒప్పుకుందంటే ఇక తిరుగులేదు. నేను వంటగదిలోకి వెళ్ళి, తలుపు చేరవేసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తరవాత రోజుకో వాసన తిరిగొచ్చింది. ఓ రోజు ఓట్స్‌లో గింజ వేగిన వాసన అన్నాను. అవునన్నారు. ఓ రోజు పెరుగు కాస్త ముదిరింది, తోడు ఎక్కువైందన్నాను. అదీ అవునన్నారు. ఓ రోజు యాపిల్ మాగిందన్నాను. మా అత్తగారు సీసా ఊడ్చి తిని, ‘మిగిలితే ఇంకాస్త పెట్టండి’ అని అడిగి మరీ తింది. నేను గాల్లో తేలిపోతున్నాను. అద్దంలో ముక్కును చూసుకుని, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు పలకరించేవాణ్ణి కూడా.

కళ్ళున్నవాణ్ణే. చూడాల్సినవి చూడలేదు. పాలు నేను వేరే గిన్నెలోకి ఒంపీ ఒంపకముందే మా ఆవిడ కాచిన గిన్నె లాక్కుని తోమేసేది. గిన్నె అడుగు నన్ను చూడనిచ్చేది కాదు. అంత చలిలో పొద్దున్నే కిటికీ బార్లా తెరిచేది. మా అత్తగారు ఫలహారం కాగానే యాలక్కాయ బుగ్గన పెట్టుకునేది. ఇవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మనసుకి పట్టలేదు. ముక్కు వస్తోందన్న సంతోషంలో మిగతావన్నీ పోయాయి.

ఆఫీసరుకి ఫోన్ చేసి వచ్చేస్తున్నానన్నాను. వెళ్ళే రోజు పొద్దున మా ఆవిడ సెలవు పెట్టింది. “ఇంకొన్నాళ్ళు ఆగకూడదూ,” అంది. ఆ ముందు రోజునుంచీ అదే మాట అంటోంది.

“ఎందుకు?”

“ఊరికేనే. పూర్తిగా కుదురుకున్నాక వెళ్ళొచ్చు కదా.”

“మీ అమ్మే ఒప్పుకున్నాక ఇంకేం కుదురుకోవాలి?”

మా అత్తగారు నోరు తెరిచింది. కూతురు ఆవిడ వైపు చూసింది. ఆవిడ మళ్ళీ నోరు మూసుకుని, సీసా అడుగున ఉన్న కిస్‌మిస్‌ను చెంచాతో వెతుక్కుంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుని బయటపడ్డాను.

ఆ రోజు ముసురు పట్టింది. ప్లాట్‌ఫాం తడిసి నల్లగా మెరుస్తోంది. ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. నన్ను చూసి డ్రైవర్లు చేతులూపారు. అందులో హారన్ గాడు కూడా ఉన్నాడు. గేటు దగ్గర్నుంచే హారన్ మోత మోగించుకుంటూ వస్తాడని ఆ పేరు. వాడి బండిని తిప్పి పంపినన్ని సార్లు నేను ఇంకెవరి బండినీ పంపలేదు. ‘ఈ ఒక్కసారికీ వదిలెయ్యన్నా, పిల్లలు గలవాణ్ణి’ అని వాడు బతిమాలడం, ‘తాగేవాళ్ళూ పిల్లలేరా’ అని నేను కసరడం, వాడు నా ముక్కును నానా మాటలూ తిట్టుకుంటూ బండి తిప్పడం, ఇదీ మా ఇద్దరి సంబంధం.

స్టీలు బల్ల మీద ఆఫీసరు మూడు గ్లాసులు పెట్టాడు. చుట్టూ నలుగురు చేరారు.

మొదటి గ్లాసు పట్టుకున్నాను. వాసన చూశాను. నోట్లో పోసుకున్నాను. పులుపు తగిలింది.

“విరగబోతున్నాయి. తిప్పండి,” అని ఉమ్మేశాను.

అని, ఆఫీసరు మొహం వైపు చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. ఇన్నేళ్ళల్లో తీర్పు చెప్పాక నేను ఎవరి మొహం వైపూ చూసింది లేదు. నేను చెప్పిందే మాట. ఇవాళ మాత్రం, ‘అబ్బ, ఎలా కనిపెట్టారు’ అంటారేమోనని నిలబడి ఎదురుచూస్తున్నాను. ఆఫీసరు రెండోది చూడమని చెయ్యి చూపించాడు.

రెండోది తీసుకున్నాను. పులుపు లేదు. తీపి మామూలుగా ఉంది. ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాను. అడుగంటిందేమో అనిపించింది. “మాడు వాసన,” అన్నాను. మళ్ళీ అతని మొహంలోకి చూశాను. ఆ మొహం గోడలా ఉంది. అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఇంట్లో నేను చేసింది ఇదే. ఒక మాట అనడం, వాళ్ళ మొహాలు చూడడం, వాళ్ళు తలూపగానే ఆ వాసన నిజంగానే వచ్చిందనుకోవడం. ఇక్కడ తలూపేవాళ్ళు లేరు.

లేదు, అలా కాదు, అని గట్టిగా చెప్పుకుని మూడో గ్లాసు తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఈసారి వచ్చింది. ఒట్టు, వచ్చింది. చిక్కగా, కమ్మగా, మొన్న ఇంట్లో వచ్చినట్టే.

“ఇవి పాలు,” అన్నాను. “మీగడ వాసన వస్తోంది. వీటిని ఉమ్మెయ్యక్కర్లేదు కూడా.”

గ్లాసు ఎత్తి తాగబోయాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. హారన్ గాడు. వర్షంలో తడిసిన చెయ్యి, చల్లగా ఉంది.

“అన్నా,” అన్నాడు మెల్లగా. “అది తాగొద్దన్నా.”

“ఏం?”

“గేటు దాకా కంపు కొడుతోందన్నా.”

చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆఫీసరు గొంతు సవరించుకుని, రెండోది ఏ లోపమూ లేని పాలని, మూడోదాంట్లో నిన్నటినుంచీ కుళ్ళిన ఉల్లిపాయలు నానబెట్టి తీశాడని చెప్పాడు. నా చేతిలోని గ్లాసు తనే తీసుకుని కాలవలో ఒంపేశాడు. “సోమవారం షెడ్డుకి వచ్చెయ్యండి. బూట్లు నేను ఇప్పిస్తాను,” అన్నాడు.

హారన్ గాడి కళ్ళల్లో సంతోషం వెతికాను. కాస్తయినా ఉంటే బాగుండేది. వాణ్ణి ఓ తిట్టు తిట్టి బయటపడేవాణ్ణి. వాడు నా మణికట్టు వదలకుండా మెట్ల దాకా తీసుకొచ్చాడు, చూపు లేనివాణ్ణి నడిపించినట్టు.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. నా మొహమే అంతా చెప్పినట్టుంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాను.

“ఏమిటండీ?”

“ఎన్నాళ్ళనుంచి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారు?”

మా ఆవిడ ఏడుస్తూనే అన్నీ చెప్పింది. మొదటినుంచీ. మీగడ వాసన అన్న రోజు పాలు అడుగంటి పెరుగంతా మాడు కంపు కొట్టిందట. లాండ్రీనుంచి తను తెచ్చిన సబ్బుపొడి అలమరలో ఓట్స్ డబ్బా పక్కనే పెట్టానట నేను. మూత సరిగ్గా పెట్టక ఓట్స్‌కి ఆ వాసన పట్టేసిందట. గింజ వేగిన వాసన అని నేను మురిసిపోయింది దాన్నే. కొత్త డబ్బా కొంటే నాకు తెలిసిపోతుందని, ఆ డబ్బా అయిపోయేదాకా అదే తిన్నారట.

“డాక్టరు ధైర్యం చెప్పమన్నారండీ. నమ్మకం ఉంటే అదే వచ్చేస్తుందనుకున్నాను. ముందు కొద్దిగా అబద్ధమాడితే, ఆ వెనకే నిజంగా వచ్చేస్తుందని.”

“మరి మీరు?” అని అత్తగారి మీద విరుచుకుపడ్డాను. “జన్మలో ఒక్క అబద్ధం ఆడని మనిషి! నా దగ్గరే మొదలుపెట్టాలా? మీ అమ్మాయి మాట నేను నమ్మలేదు. మీ మాట నమ్మాను! మీరు కమ్మగా ఉందంటే నమ్మాను!”

ఆవిడ నా కళ్ళల్లోకే చూసింది. ఎప్పుడూ అంతే చూస్తుంది.

“మీ మొహం మీకు కనపడదు కదా అల్లుడుగారూ,” అంది. “సీసా నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, నా నోటి వంకే చూసేవారు. ఆ చూపు చూస్తూ బాగాలేదని ఎలా అనగలను? సబ్బు కాదు, మట్టి పెట్టినా తిందును.”

కోపం మాత్రం పోలేదు. ఫ్రిజ్ తెరిచి రేపటికని పెట్టిన సీసాలు మూడూ తీసి సింకులో ఒంపేశాను. ఓట్స్ డబ్బా చెత్తలో పారేశాను. పెరుగు గిన్నె కూడా ఒంపాను, తోడుకి కాస్త మిగల్చాలని కూడా తోచలేదు. ఎవరూ అడ్డుపడలేదు. చెయ్యడానికి ఇంకేమీ లేక నిలబడిపోయాను. సోమవారం నాకోసం ఎదురుచూసే రబ్బరు బూట్లు గుర్తొచ్చాయి.

మా ఆవిడ లేచి కొత్త పాల పాకెట్ కత్తిరించి గిన్నెలో పోసింది. పొయ్యి వెలిగించి పక్కకి జరిగింది. నేను వెళ్ళి గిన్నె ముందు నిలబడ్డాను.

“ఇకనుంచీ ఉన్నదున్నట్టు చెప్పాలి,” అన్నాను. “ఇద్దరూను. నాకు వాసన చెప్పే ముక్కులు మీవే. నన్ను చూసి చెప్పొద్దు. గిన్నెను చూసి చెప్పండి.”

సరేనన్నారు. పాలు వేడెక్కాయి. అంచుల్లో బుడగలు లేచాయి. ఆవిరి మొహానికి వెచ్చగా తగిలింది. వెచ్చదనం తెలుస్తోంది, తడి తెలుస్తోంది. అంతే.

“ఇప్పుడు ఏ వాసన వస్తోంది?”

మా ఆవిడ వంగి చూసింది. “మంచి వాసనేనండీ. మాడలేదు. పాల వాసన.”

“పాల వాసన అంటే?”

“అంటే… పాల వాసనేనండీ.”

“అదే, ఎలా ఉంటుంది?”

ఆవిడ తడబడింది. మళ్ళీ వంగింది. ఏదో అనబోయి ఆగి, వాళ్ళమ్మ వైపు చూసింది. మా అత్తగారు కూడా కర్ర పట్టుకుని లేచి వచ్చి, గిన్నె మీదికి వంగి, చాలాసేపు వాసన చూసింది. ఆ పెదాలు కదిలాయి. అన్నిటికీ తడుముకోకుండా మాట అందించే ఆవిడకి కూడా మాట దొరకలేదు.

వాళ్ళ మీద విసుక్కోబోయాను. ఇంత చిన్న సంగతి చెప్పలేరా, నేను చెప్తాను వినండి, అందామనుకున్నాను. జీవితమంతా పీల్చిన వాసన అది. నోరు తెరిచాను. నాకూ గుర్తు రాలేదు.